పాత కార్ జీపీఎస్ డివైస్‌ల ఏ మ్యాప్ వేస్కోవాలె, రూట్ ఎట్ల ప్లాన్ చేయాలె?

తమ్ముడూ, మీ మామ వాడిన పాత గార్మిన్ డివైస్ నీకిచ్చిండు, అందుల మ్యాప్ ఎప్పటిదో తెల్వదు, హనుమకొండ నుంచి ఇంటోళ్లను తీస్కొని బొగత జలపాతం, అటెన్క కాళేశ్వరం పోవాలె, అడవిల ఫోన్ సిగ్నల్ పోతది కాబట్టి ఏ మ్యాప్ వేస్కోవాలె, కంప్యూటర్‌ల రూట్ ఎట్ల చేయాలె అని అడిగినవ్. నేను విత్తనాల కంపెనీ పని మీద ఎనిమిదేండ్ల నుంచి ములుగు, భూపాలపల్లి దిక్కు కార్ల తిరుగుతున్న, నాకు తెల్సింది చెప్త.

ముందుగాల ఒక మాట. సిగ్నల్ పోతే జీపీఎస్ పోదు. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తది, అవి 20 వేల కిలోమీటర్ల పైన తిరుగుతుంటయ్, టవర్‌తోని వాటికి పనే లేదు. పోయేది మ్యాప్, ఎందుకంటే ఫోన్‌ల మ్యాప్ నెట్ నుంచి వస్తుంటది. అందుకే డివైస్ అయినా, ఫోన్‌ల ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి ఆఫ్‌లైన్ యాప్ అయినా అసలు సంగతి లోపల ఉన్న మ్యాప్ ఎంత కొత్తది అన్నదే.

పాత మ్యాప్ ఏం చేస్తదో నా మొదటి డివైస్ తోనే తెల్సింది. అందుల ఉన్న మ్యాప్ ముల్లకట్ట బ్రిడ్జి కట్టకముందుది. ఏటూరునాగారంల నిలబడి వాజేడు అని కొడితే, గోదావరి దాటనీకి దానికి బ్రిడ్జి కనబడక, మణుగూరు, భద్రాచలం మీదికెళ్లి తిప్పి రెండు వందల కిలోమీటర్లు చూపించింది, ఎదురుంగ బ్రిడ్జి కనబడుతనే ఉన్నది. దీనికి ఉల్టా కూడ జరుగుతది. గోదావరి మీద కట్టిన మేడిగడ్డ బ్యారేజీ మీది రోడ్డు మ్యాప్‌ల ఉండొచ్చు, కానీ 2023 అక్టోబర్‌ల పిల్లర్లు కుంగినప్పుడు దాని మీద రాకపోకలు బంద్ చేసిండ్రు. కాళేశ్వరం నుంచి అవతలికి మహారాష్ట్రల ఉన్న సిరొంచ పోదామనుకుంటే కాళేశ్వరం దగ్గరి బ్రిడ్జి మీదనే పాయింట్, అంటే రూట్ తప్పకుండ పోవాల్సిన జాగ గుర్తు, పెట్టుకో.

మ్యాప్ సంగతికొస్తే నేను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, అంటే జనమే కల్సి గీసి సరిచేసే మ్యాప్, దాని మీద తయారైన ఫ్రీ మ్యాప్ వాడుత. బీబీబైక్ అనే సైట్‌ల కావల్సిన ఏరియా మీద డబ్బా గీసి, గార్మిన్ ఫార్మాట్ ఎంచుకొని, మెయిల్ ఐడీ ఇస్తే జెరసేపటికి డౌన్‌లోడ్ లింక్ మెయిల్‌కు వస్తది. నువ్వు ఉత్తర తెలంగాణ, అటు సిరొంచ, ఇటు భద్రాచలం దాకా గీస్కుంటే చాలు, ఫైల్ చిన్నగనే ఉంటది. ఫ్యాట్32 అనే తీరుల ఫార్మాట్ చేసిన మెమరీ కార్డుల గార్మిన్ (Garmin) అనే ఫోల్డర్ చేసి, డౌన్‌లోడ్‌ల వచ్చిన జీమ్యాప్‌సప్ (gmapsupp.img) అనే మ్యాప్ ఫైల్ అందుల పెట్టాలె. అంతకన్న ముందు డివైస్ లోపల ఉన్నదంతా కంప్యూటర్‌ల కాపీ చేసి దాస్కో, ఇది మర్వకు. కొత్త మ్యాప్ పెట్టినంక సెట్టింగ్స్‌ల పాత మ్యాప్ టిక్ తీసెయ్, లేకపోతే రెండూ ఒకదాని మీదొకటి పడి ఏ రోడ్డు ఏదో అర్థం కాదు.

ఈ మ్యాప్‌ల లోపం ఏందంటే వెతుకుడు కష్టం. ఊర్ల పేర్లు ఇంగ్లిష్‌ల ఒక్కో తీరు రాసి ఉంటయ్, ఏటూరునాగారం మూడు తీర్ల కొట్టినా దొరకకపోవచ్చు. అందుకే నేను పేరు కొట్టుడు బంద్ చేసి ఇంటికాన్నే కోఆర్డినేట్స్, అంటే ఆ జాగ అక్షాంశం రేఖాంశం అంకెలు, తీసి డివైస్‌ల సేవ్ చేస్కుంట. ఇక్కడ కూడ జెర చూస్కో, ఫోన్‌ల డెసిమల్‌ల ఉంటది, పాత డివైస్‌ల డిగ్రీలు నిమిషాలు అడుగుతది. 18.30 డిగ్రీలు వేరు, 18 డిగ్రీల 30 నిమిషాలు వేరు, రెండోది 18.50 అయితది, ఒక డిగ్రీ అంటే ఉత్తరం దక్షిణంగ 111 కిలోమీటర్లు కాబట్టి ఈ చిన్న తేడాకు 22 కిలోమీటర్లు అవతల పడ్తవ్.

ఇగ రూట్. గార్మిన్ వాళ్లదే బేస్‌క్యాంప్ అని కంప్యూటర్‌ల ఫ్రీగ వేస్కునే సాఫ్ట్‌వేర్ ఉన్నది, రూట్ దాంట్ల చేయొచ్చు. చానా మందికి తెల్వని ముచ్చట ఏందంటే నువ్వు కంప్యూటర్‌ల గీసిన రోడ్డు అట్లనే డివైస్‌లకు పోదు, ముఖ్యంగ పాయింట్లు పోతయ్, వాటి నడుమ తొవ్వ డివైస్ తన మ్యాప్ పెట్టి, తన సెట్టింగ్స్ పెట్టి మళ్ల లెక్క కడ్తది. కాబట్టి కంప్యూటర్‌ల, డివైస్‌ల ఒకే మ్యాప్ ఉండాలె, అట్లున్నా సెట్టింగ్స్ వేరుంటే తొవ్వ మారుతది. దానికి మందు ఒక్కటే, ఎక్కడెక్కడ అది తప్పు దారి పట్టొచ్చో అక్కడ నీ పాయింట్ పెట్టు. పాయింట్ చౌరస్తా మీద పెట్టొద్దు, చౌరస్తా దాటినంక అర కిలోమీటర్ అవతల, జూమ్ చేసి సరిగ్గ రోడ్డు మీదనే పెట్టు. హైదరాబాద్ రోడ్డు లాంటి నాలుగు లైన్ల తొవ్వ మీద పాయింట్ అవతలి పక్కకు పడ్డదనుకో, యూటర్న్ తీస్కో అని సతాయిస్తనే ఉంటది.

సెట్టింగ్స్‌ల షార్టర్ డిస్టెన్స్ మాత్రం ఎన్నడూ పెట్టకు, ఫాస్టర్ టైమ్ పెట్టి, అన్‌పేవ్డ్, అంటే తారు లేని, రోడ్లు వద్దు అన్న దగ్గర టిక్ పెట్టు. నేను ఒక ఆగస్టుల భూపాలపల్లి దిక్కు నుంచి తాడ్వాయి వస్తుంటే డీజిల్ మిగుల్తదని షార్టర్ పెట్టిన. తారు రోడ్డు నుంచి పక్కకు దింపి బండ్ల బాటల పెట్టింది, పొద్దుగూకింది, చిన్న వాగు అడ్డమొచ్చింది, నీళ్లు తక్కువనే ఉన్నయ్ గని అడుగున ఇసుక, ముందు చక్రాలు దిగబడ్డయ్. ఫోన్ కలువదు. గంటన్నర తర్వాత పక్క గూడెం వాళ్లు ట్రాక్టర్ తెచ్చి గుంజిండ్రు, పైసలిస్తే తీస్కోలే, ఆ ముఖాలు ఇప్పటికీ యాదికొస్తయ్. ఇంటికొచ్చి చూస్తే ఆ బాటను ఎవరో మ్యాప్‌ల ఊరి రోడ్డు లెక్క పెట్టిండ్రు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ల అకౌంట్ చేస్కొని నేనే దాన్ని ట్రాక్, అంటే బండ్ల బాట, అని మార్చి, సర్ఫేస్ మట్టి అని రాసిన, తర్వాత దింపిన మ్యాప్‌ల డివైస్ అటు పంపుడు ఆపింది. నేను ఈ మ్యాప్‌నే పట్టుకొని ఉన్నది అందుకే, మన దిక్కు రోడ్లు మనమే సరిచేసుకోవచ్చు, మన తర్వాత వచ్చేటోడు ఆ వాగుల పడడు.

నీ ట్రిప్‌కు ములుగు, పస్రా, ఏటూరునాగారం, ముల్లకట్ట బ్రిడ్జి, ఈ నాలుగు పాయింట్లు పెట్టుకుంటే బొగత దాకా మెయిన్ రోడ్డే, 130, 140 కిలోమీటర్లు అయితది. అక్కడ్నుంచి వచ్చిన తొవ్వలనే వెనకకొచ్చి, కాళేశ్వరానికి పస్రా దగ్గర భూపాలపల్లికి తిరిగే అడవి రోడ్డు దగ్గరి తొవ్వ, పొద్దుంటే అటే పో. చీకటి పడ్డా, వాన పడ్డా, ములుగు మీదికెళ్లి గూడెప్పాడు దాకా వెనకకొచ్చి పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీద పో, దూరమైనా సరే. బొగత అందం వానకాలమే, వాగులు పొంగేది కూడ అప్పుడే. 2023 జూలైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, అసొంటి రోజు ఏ కాజ్‌వే మునిగిందో ఏ మ్యాప్‌కూ తెల్వదు, పస్రాల చాయ్ తాగుకుంట బస్సు డ్రైవర్లను అడుగు.

డివైస్ చానా దినాల నుంచి మూలకు పడి ఉంటే పోయే ముందురోజు ఆరుబయట పావుగంట ఆన్ చేసి పెట్టు, ఏ ఉపగ్రహం ఎక్కడ తిరుగుతదో ఆ పూర్తి లెక్క దింపుకోనీకే 12 నిమిషాల పైన పడ్తది. ఇంకోటి, కొన్ని చిన్న మోడళ్లు బయటి రూట్ ఫైల్ తీస్కోవు, అప్పుడు ఆ పాయింట్లను ఫేవరెట్లుగ ఎక్కించి ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంట పోవాలె. డివైస్ వెనకాల మోడల్ నంబర్ ఉంటది, అది ఇక్కడ రాయి, నీది ఏ రకమో చూసి చెప్త.