భారత్‌నెట్ కోసం ఆగకండి, అపార్ట్‌మెంట్ సెక్రటరీని కదపండి

ఫైబర్ ఇంటర్నెట్ కోసం భారత్‌నెట్ వచ్చేదాకా ఆగాలా అని అడిగారు కదా, అది మీ ఫ్లాట్ దాకా రాదండి. 2011లో వేరే పేరుతో మొదలైన ఆ కేంద్ర ప్రభుత్వ పథకం గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చడానికి. బెంగళూరు మారతహళ్లిలో కూర్చుని దాని కోసం ఎదురుచూడటం దండగ.

పక్క అపార్ట్‌మెంట్‌కి ఫైబర్ ఉంది, మీకు మాత్రం "ఫీజిబిలిటీ లేదు" (కనెక్షన్ ఇవ్వడం కుదరదు) అంటున్నారు, ఇంకా పాత రాగి తీగ మీదే నెట్టుకొస్తున్నామన్నారు కదా. అలాంటప్పుడు చాలావరకు కేబుల్ మీ గేటు దగ్గరే ఆగి ఉంటుంది. లోపలికి లాగడానికి అసోసియేషన్ అనుమతి ఉండదు.

1. ఇప్పటికే ఏ కంపెనీకైనా అనుమతి ఇచ్చారేమో సెక్రటరీని అడగండి.

2. అందరూ వదిలేసేది ఇదే: నోటిమాట అనుమతి పనికిరాదు. లైన్‌మన్ వస్తాడు, వాచ్‌మన్ ఆపుతాడు, కంప్లైంట్ క్లోజ్ అయిపోతుంది. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద రాయించండి. కేబుల్ ఏ డక్ట్‌లోంచి (తీగలు వెళ్లే దారిలోంచి) రావాలి, ఒక ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే స్ప్లిటర్ బాక్స్ ఏ గోడకి బిగించాలి, రెండూ అందులో ఉండాలి. కామన్ కరెంటు బిల్లు పెరుగుతుందని అడ్డుపడే పెద్దమనుషులు ఉంటారు. ఈ స్ప్లిటర్‌కి కరెంటే అక్కర్లేదని చెప్పండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

3. ఒక్క ఇంటి కోసం కేబుల్ లాగమంటే బద్ధకిస్తారు. ఐదారు ఫ్లాట్ల వాళ్లు కలిసి అడగండి.

4. బిగించిన రోజే ఓఎన్‌టీ (ఇంట్లో పెట్టే ఫైబర్ మోడెమ్) సెట్టింగ్స్ పేజీలో ఆర్‌ఎక్స్ పవర్, అంటే మీ దాకా చేరుతున్న సిగ్నల్ బలం, చూపించమనండి. మైనస్ 20 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే యూనిట్) చుట్టుపక్కల ఉంటే హాయి. మైనస్ 27 డీబీఎం దాటి కిందికి (మైనస్ 28, 29 అలా) పోతే ఫైబర్ జాయింట్ మళ్లీ వేయించాకే పని పూర్తయిందని సంతకం పెట్టండి.