వేటగాడు చెట్టు మీద మంచె ఎక్కితే జింకకు మనిషి వాసన తగలదా?

తగులుతుంది, మంచె ఎత్తు మనిషిని జింక కంటికి కనపడకుండా దాస్తుంది గానీ దాని ముక్కు నుంచి దాయలేదు. వాసనను మోసేది గాలి, ఆ గాలి రోజంతా ఒకే తీరున ఉండదు. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. సాయంత్రం చల్లబడి, బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో విల్లుతో వేటాడే సీజన్ మొదలయ్యే సెప్టెంబర్‌లో ఇంకా ఉక్కగానే ఉంటుంది కాబట్టి మంచె ఎక్కేసరికే చెమట పట్టి వాసన పెరుగుతుంది, అదొక తలనొప్పి.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక గుట్ట వాలు, కింద సోయా చేను అనుకోండి. వాలు మీద చెట్టుకు 20 అడుగుల ఎత్తున వేటగాడు కూర్చున్నాడు. తెల్లతోక జింకలు మేతకు చేలోకి దిగేది పొద్దు వాలే వేళకే. సరిగ్గా అప్పుడే పైకి లేచే గాలి ఆగిపోయి, చల్లగాలి అతని వాసనను చేను అంచుకు దించుతుంది. జింక తల ఎత్తి, ముంగాలు నేలకేసి కొట్టి, బుస్సుమంటూ పారిపోతుంది. అదే మంచెను జింకల దారికి కింది వైపున, జారే గాలి వాటికి దూరంగా పోయే చోట కడితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

ఇంకాస్త పైకి కడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 30 అడుగులు ఎక్కినా సాయంత్రం గాలి కిందికే దిగుతుంది. పైగా బాణం మరీ నిటారుగా దిగి, రెండు ఊపిరితిత్తులకూ తగలడం కష్టమవుతుంది.