స్ప్రింగ్‌లోకి ఏం పంపిస్తున్నారు?

పోయిన నెల ఒక జవాబులో పాత స్ప్రింగ్ రివర్బ్‌ల (శబ్దాన్ని స్ప్రింగుల గుండా పంపి పెద్ద గదిలో మోగినట్టు చేసే పెట్టెల) గురించి రెండు ముక్కలు రాశాను. ఆ రెండు ముక్కలకే ఈసారి ఉత్తరాలు కుప్పగా వచ్చాయి. చాలా సంతోషం. ఏళ్ల తరబడి వీటిని వాడుతున్నాను, విప్పుతున్నాను, బాగుచేసుకుంటున్నాను. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాను.

ప్రశ్న: నాకు చిన్న స్టూడియో ఉందండి. ఎక్కువగా వోకల్స్, అకూస్టిక్ గిటార్ రికార్డ్ చేస్తాను. పాత స్ప్రింగ్ రివర్బ్ ఒకటి కొందామని ఫెండర్ విడి పెట్టె, ఆర్బన్ 111బీ, ఏకేజీ బీఎక్స్ 10 చూసి ఉంచాను. ఏది తీసుకోను?

జవాబు: మూడూ స్ప్రింగులే, కానీ మూడూ వేరు వేరు పనిముట్లు. ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం, ఎంపిక దాన్ని బట్టే ఉంటుంది.

ట్యాంక్ (స్ప్రింగులు ఉండే రేకు పెట్టె) ఒక చివర కాయిల్ ఉంటుంది, దాని దగ్గర గింజంత అయస్కాంతం. అయస్కాంతానికి స్ప్రింగ్ తగిలించి ఉంటుంది. సిగ్నల్ రాగానే అయస్కాంతం అటూ ఇటూ మెలితిరుగుతుంది. ఆ మెలిక స్ప్రింగ్ వెంట పాకి, సుమారు 30, 40 మిల్లీసెకండ్లలో అవతలి చివర చేరి, అక్కడి కాయిల్‌లో మళ్లీ కరెంటవుతుంది. కొంత మెలిక వెనక్కి తిరుగుతుంది, మళ్లీ ముందుకు వస్తుంది, అలా సద్దుమణిగేదాకా తిరుగుతూనే ఉంటుంది. దూరపు టెలిఫోన్ లైన్లలో మాట ఆలస్యంగా చేరితే ఎలా ఉంటుందో చూడటానికి బెల్ ల్యాబ్స్‌లో స్ప్రింగులు వాడేవారు. లారెన్స్ హామండ్ ఆ ఆలోచనను తన ఆర్గాన్‌లోకి తెచ్చాడు. 1960 ప్రాంతంలో ట్యాంక్ చిన్నదైంది, 1961లో ఫెండర్ దాన్ని విడి పెట్టెగా గిటార్ వాళ్ల చేతికిచ్చింది.

ఇందులో ఒక కిటుకు ఉంది. స్ప్రింగ్‌లో కింది స్వరాలు ముందు చేరతాయి, పైవి వెనకబడతాయి. అందుకే పదునైన దెబ్బ ఏదైనా అవతల ఒక్కసారిగా పడదు, సాగి 'ట్యూయ్' అంటూ వస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కి అదే అందం. వోకల్స్‌లో 'స', 'చ', 'ట' లాంటి అక్షరాల వెనక అదే శబ్దం పడితే పిట్ట కిచకిచలాడినట్టు ఉంటుంది. కాబట్టి ఫెండర్ పెట్టె మీకు మొదటి యూనిట్‌గా వద్దు.

ఏకేజీ వాళ్లు ఈ గుణాన్నే అణచడానికి చాలా కష్టపడ్డారు. బీఎక్స్ 20 అయితే నడుమెత్తు చెక్క పెట్టె, లోపల రెండు చానెళ్లు, ఎంతసేపు మోగాలో 2 సెకండ్ల నుంచి 4.5 సెకండ్ల దాకా మార్చుకోవచ్చు. వోకల్స్‌కి అంత మెత్తటి స్ప్రింగ్ నేను వినలేదు. బీఎక్స్ 10 దానికి తమ్ముడు. చిక్కేమిటంటే అందులోని స్ప్రింగ్ అసెంబ్లీ పాడైతే బయట దొరికే మామూలు ట్యాంక్ తెచ్చి పెట్టేయడం కుదరదు. పాతదాన్నే ఓపికగా బాగుచేసే మనిషి దొరకాలి.

మీకైతే ఆర్బన్ 111బీ చెబుతాను. రెండు చానెళ్లు, సొంత ఈక్యూ (కింది, పై స్వరాలను పెంచే, తగ్గించే నాబ్‌లు), అన్నిటికంటే ముఖ్యంగా స్ప్రింగ్ ముందు లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా నొక్కిపెట్టేది). ఆ లిమిటర్ వల్లే వోకల్ గట్టిగా వచ్చినప్పుడు స్ప్రింగ్ ఉలిక్కిపడదు. బీఎక్స్ 10 మంచి కండిషన్‌లో, మీ చెవులతో విన్న తర్వాత దొరికితే మాత్రం వదలకండి.

ప్రశ్న: పాత యూనిట్ కొనేముందు ఏమేం చూసుకోవాలి? ఫొటోలు చూసి కొనొచ్చా?

జవాబు: ఫొటోలో మీకు కనబడేది రంగూ తుప్పూ మాత్రమే. ఈ తప్పు నేనే చేశాను. ఒకాయన 'బ్రహ్మాండంగా పనిచేస్తోంది' అంటే నమ్మి తెప్పించుకున్నాను. పార్సిల్ ఎత్తగానే లోపల ఏదో దొర్లింది, నాకు గుండె జారింది. మూత విప్పితే లోపలి ట్రే తన నాలుగు చిన్న స్ప్రింగుల్లో మూడింటి నుంచి ఊడి ఒక మూలకు చేరింది. రివర్బ్ స్ప్రింగ్ ఒకటి దాని అంచుకి తగులుకుని సాగిపోయింది. సాగిన స్ప్రింగ్ మళ్లీ మామూలు కాదు. దూరం నుంచి తెప్పిస్తుంటే ట్రే కదలకుండా లాక్ ఉంటే లాక్ వేయమనండి, లేకపోతే ట్రేకీ పెట్టెకీ మధ్య మెత్తటి ఫోమ్ పెట్టమనండి. వచ్చాక అది తీయడం మర్చిపోకండి. ఫోమ్ తీయకుండా ప్లగ్ పెట్టి 'రివర్బ్ రావట్లేదు' అని ఫోన్ చేసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

ఎదురుగా చూసే వీలుంటే ఒక మల్టీమీటర్ జేబులో వేసుకుని వెళ్లండి. కేబుల్ పీకేసి ట్యాంక్ సాకెట్ల దగ్గర రెసిస్టెన్స్ కొలవండి. ఫెండర్ తరహా ట్యాంక్‌లో ఇన్‌పుట్ వైపు సుమారు 0.8 ఓమ్, అవుట్‌పుట్ వైపు సుమారు 200 ఓమ్ రావాలి. మీటర్ ఏమీ చూపించకపోతే భయపడిపోకండి. పదిసార్లలో ఏడెనిమిది సార్లు కాయిల్ బాగానే ఉంటుంది. టార్చ్ వేసి కాయిల్ నుంచి సాకెట్ దాకా వచ్చే తీగను చూడండి. తలవెంట్రుకంత సన్నగా ఉంటుంది. ట్రే ఊగినప్పుడల్లా అదీ ఊగుతుంది, ఏళ్లు గడిచాక సరిగ్గా సోల్డర్ చుక్క అంచున తెగుతుంది. భూతద్దంలో చూస్తే తెగిన కొన రాగి రంగులో మెరుస్తుంది. దాన్ని అతికించేటప్పుడు తీగను బిగువుగా లాగకండి, కొంచెం వదులు ఉంచండి. అమ్మేవాళ్లు 'పనిచేయదు' అని వదిలించుకునే చాలా యూనిట్ల జబ్బు ఇంతే.

పాత యూనిట్లలో కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, వాటి మార్పిడి ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. వోల్టేజీ కూడా చూడండి. జపాన్ కోసం చేసినవి 100 వోల్టులకు, అమెరికావి 117 లేదా 120కి ఉంటాయి. నేరుగా 230లో పెడితే అంతే సంగతులు.

ప్రశ్న: నా యూనిట్‌లో ట్యాంక్ మార్చాలి. పాత ట్యాంక్ మీద 4ఏబీ3సీ1బీ అని ఉంది. ఇదేం భాష?

జవాబు: ఇది అక్యుట్రానిక్స్ కోడ్. ఒక్కో అక్షరానికి ఒక్కో అర్థం. 4 అంటే సుమారు 17 అంగుళాల పొడవు, రెండు వరసల స్ప్రింగులు. ఏ అంటే ఇన్‌పుట్ 8 ఓమ్‌లు, బీ అంటే అవుట్‌పుట్ 2250 ఓమ్‌లు (ఇవి సిగ్నల్‌కి ఎదురయ్యే ఇంపీడెన్స్, మీటర్ చూపించే రెసిస్టెన్స్ కాదు). 3 అంటే ఎక్కువసేపు మోగేది. సీ అంటే ఇన్‌పుట్ సాకెట్ ట్యాంక్ బాడీకి తగలదు, అవుట్‌పుట్ సాకెట్ తగులుతుంది. 1 అంటే లాక్ లేదు. చివరి బీ అంటే తెరిచి ఉన్న వైపు కిందకు పెట్టి పడుకోబెట్టాలి.

వీటిలో ఇన్‌పుట్ అక్షరంలో మాత్రం పొరపాటు పడకండి. 8 ఓమ్‌ల ట్యాంక్‌ని ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా నడుపుతారు. 600 ఓమ్‌ల ట్యాంక్‌ని చిన్న చిప్ కూడా నడపగలదు. ఒకదాని బదులు ఇంకోటి పెడితే శబ్దం పీలగా వస్తుంది, లేదా అసలు రాదు. మోగే సమయం మాత్రం మీ ఇష్టం. స్టూడియోలో 3 కంటే 2 నాకు ఎక్కువ పనికొస్తోంది, పాటలో చోటు తక్కువ తింటుంది.

ప్రశ్న: సార్, డ్రమ్స్ పంపిస్తే స్నేర్ రేకు డబ్బాలో గోలీలు పోసినట్టు వస్తోంది. రిటర్న్‌లో ఈక్యూ ఎంత తిప్పినా పోవట్లేదు. ఏం చేయను?

జవాబు: నాకు ఈ పేజీలో అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలని ఉన్నది ఈ జవాబే. రిటర్న్‌ని, అంటే స్ప్రింగ్ నుంచి వెనక్కి వచ్చే శబ్దాన్ని, కాసేపు వదిలేయండి. స్ప్రింగ్ నుంచి ఏం వస్తుందన్నది దాదాపు మొత్తం అందులోకి ఏం పంపారన్న దాని మీదే ఉంటుంది. స్నేర్ దెబ్బ మొదటి క్షణంలోని పదును స్ప్రింగ్‌కి తగిలింది కాబట్టి అది ఎగిరిపడింది. ఆ ఎగిరిపాటు ఒకసారి శబ్దంలో కలిశాక ఏ ఈక్యూ దాన్ని వేరు చేయలేదు.

కాబట్టి సెండ్ మీద, అంటే స్ప్రింగ్‌లోకి పంపే సిగ్నల్ మీద, పని చేయండి. కిట్ మొత్తం పంపకండి, స్నేర్ ఒక్కటే పంపండి. సెండ్ దారిలో ముందు ఈక్యూ పెట్టి 200 హెర్ట్జ్ కింద కోసేయండి, ఆ కింది భాగం స్ప్రింగ్‌ని ఊరికే ఊపి బురద చేస్తుంది. పైన 5 కిలోహెర్ట్జ్ దాటింది కూడా తగ్గించండి, మామూలు ట్యాంక్ అక్కడ ఎలాగూ పెద్దగా పలకదు. తర్వాత అటాక్ బాగా వేగంగా ఉన్న, అంటే దెబ్బ రాగానే పట్టుకుని నొక్కే, కంప్రెసర్ గానీ లిమిటర్ గానీ పెట్టి, దెబ్బ తల ఆరేడు డీబీ వంగేదాకా నొక్కండి. అలా విడిగా వింటే స్నేర్ చచ్చినట్టు, దిండు మీద కొట్టినట్టు ఉంటుంది. కంగారు పడకండి, అది వినేది స్ప్రింగ్, మీరు కాదు. ఇప్పుడు సెండ్ లెవెల్ నెమ్మదిగా పెంచండి. గోలీలు పోయి, స్నేర్ వెనక గోడ ఒకటి లేచినట్టు వినబడుతుంది.

లెవెల్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఇంకో ఇద్దరు అడిగారు. గిటార్ కోసం చేసిన యూనిట్‌కి మిక్సర్ నుంచి నేరుగా లైన్ లెవెల్ పంపితే ముందు దశలోనే పగిలిపోతుంది. మధ్యలో రీయాంప్ బాక్స్ (లైన్ లెవెల్‌ని గిటార్ లెవెల్‌కి దించేది) పెట్టండి. వెనక్కి వచ్చే సిగ్నల్‌ని డీఐ (గిటార్ సిగ్నల్‌ని మైక్ లెవెల్‌కి మార్చే చిన్న పెట్టె) ద్వారా మైక్ ప్రీలోకి తీసుకోండి. యూనిట్‌లో మిక్స్ నాబ్ ఉంటే పూర్తిగా రివర్బ్ వైపు తిప్పేయండి, అసలు శబ్దం మీ దగ్గర ఎలాగూ ఉంది.

అకూస్టిక్ గిటార్‌కీ ఇదే పద్ధతి. దానికి నేను ఇంకోటి చేస్తాను. గిటార్ కొంచెం ఎడమకు ఉంటే స్ప్రింగ్ రిటర్న్‌ని పూర్తిగా కుడికి తిప్పుతాను. ఒక్క మోనో స్ప్రింగ్‌తోనే పాట వెడల్పుగా వినబడుతుంది, పెద్ద స్టీరియో రివర్బ్ అవసరమే పడదు.

ప్రశ్న: మా యూనిట్‌లో రివర్బ్ కంటే గుయ్యిమనే హమ్ ఎక్కువ. ఎర్త్ సరిగ్గానే ఉంది.

జవాబు: ట్యాంక్ అవుట్‌పుట్ కాయిల్ నుంచి వచ్చేది మిల్లీవోల్టులే. పక్కన ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా దాని హమ్‌ని ఆ కాయిల్ పట్టేస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, సెండ్ మూసి, రిటర్న్ పెంచి, ట్యాంక్‌ని కేబుళ్లతో సహా చేతుల్లోకి తీసుకోండి. మెల్లగా తిప్పుతూ వినండి. ఒక కోణంలో హమ్ గభాలున పడిపోతుంది, ఇంకో పది డిగ్రీలు తిప్పితే మళ్లీ లేస్తుంది. ఆ కోణం దగ్గరే, లేదా వీలైనంత దగ్గరగా బిగించండి. పెట్టెలో కుదరకపోతే ట్యాంక్‌ని చివర్లు మార్చి, అవుట్‌పుట్ వైపు ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా వచ్చేలా పెట్టండి. ర్యాక్‌లో పవర్ ఆంప్ పక్కన పెట్టిన యూనిట్ అయితే మీరు విప్పనక్కర్లేదు, ర్యాక్‌లో చోటు మారిస్తే చాలు.

ప్రశ్న: ఇంత టెన్షన్ ఎందుకండీ, కంప్యూటర్‌లో రివర్బ్ ప్లగిన్ చాలదా?

జవాబు: మామూలు మిక్స్‌కి చాలుతుంది, నేనూ వాడతాను. స్ప్రింగ్‌ని గట్టిగా నొక్కి పలికించాలన్నప్పుడు మాత్రం నిజం పెట్టె దగ్గరికే వెళతాను. గాయకుడు గొంతెత్తినప్పుడు స్ప్రింగ్ ఇరుకున పడి మూలగడం నాకు ఇంకెక్కడా అలా దొరకలేదు. పెట్టె వాడితే ఒక అలవాటు చేసుకోండి: నచ్చిన రిటర్న్‌ని వెంటనే విడి ట్రాక్‌లో రికార్డ్ చేసేయండి. పాత సరుకు, రేపు ఇలాగే పలుకుతుందన్న గ్యారంటీ లేదు.

ప్రశ్న: జమైకా డబ్ (రెగ్గే పాటలను ఎకోలతో మళ్లీ మిక్స్ చేసిన) రికార్డుల్లో వినబడే ఆ పిడుగు శబ్దం పెట్టెను కొట్టి తెచ్చేవారట, నిజమేనా? నా యూనిట్‌ని కొడితే పాడవుతుందా?

జవాబు: నిజమే. కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అనే మిక్సింగ్ ఇంజనీర్ 1970ల్లో తన స్ప్రింగ్ యూనిట్‌ని చేత్తో కొట్టి ఆ ఉరుము తెచ్చేవాడు. ఆయన వాడిన ఫిషర్ కే-10 నిజానికి ఇంట్లో పాటలు వినేవాళ్ల కోసం చేసిన పెట్టె. దాన్ని మిక్సింగ్‌లో వాయిద్యం చేసేశాడు.

మీరు గుద్దనక్కర్లేదు. యూనిట్ ముందు అంచుని ఒక వేలు మందం పైకెత్తి వదలండి, చాలు. ఏకేజీ లాంటి వేలాడే నిర్మాణాలతో ఈ పని చేయకండి. ట్యూబ్ యూనిట్లతోనూ వద్దు, వేడి మీదున్న ట్యూబ్ అదురుని తట్టుకోదు. ముందు మానిటర్లు బాగా తగ్గించుకోండి, ఆ ఉరుము మీరనుకున్న దానికంటే చాలా పెద్దగా వస్తుంది. సెండ్ మూసి, రిటర్న్‌ని రికార్డ్‌లో పెట్టి, వేరు వేరు బలంతో ఓ పది పన్నెండు సార్లు వదలండి. వాటిలో మెత్తగా పడ్డవి రెండు మూడు ఏరుకుని, స్నేర్ ఆగిన చోట ఒకటి పెట్టి వినండి.