నాలుగున్నరకి నువ్వు లేస్తున్నావు, మరి నాలుగింటికి లేచేదెవరు?

“మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. వయసు 26. బీటెక్ అయి నాలుగేళ్లయినా ఉద్యోగం రాలేదు. రెండేళ్లుగా వ్యక్తిత్వ వికాస పుస్తకాలే నా ప్రపంచం. తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తున్నాను, ఆ టైముకి అమ్మ టీ పెట్టి ఇస్తుంది. రాజమండ్రిలో రెండు రోజుల క్లాసుకి 15 వేలు కట్టాను, అమ్మే డ్వాక్రాలో అప్పు తీసిచ్చింది. ఆన్‌లైన్ బిజినెస్ పెడదామంటే నాన్న మాత్రం ‘కొబ్బరికి రేటు లేదు, కాయల దింపు అయ్యాక చూద్దాం’ అంటారు. నెగెటివ్ మనుషులకి దూరంగా ఉండమంటారు కదా, ఇంట్లోనే ఉన్న మనిషికి దూరంగా ఎలా ఉండాలి?”

బాబూ, నాన్నకి దూరంగా ఎలా ఉండాలో నేను చెప్పను. చేతిలో డబ్బు లేక, దింపు అయ్యాక చూద్దాం అన్న మనిషి నెగెటివ్ ఎలా అవుతాడు? 1996 నవంబరు తుపానుకి కోనసీమలో తోటలకి తోటలే పడిపోతే, మళ్లీ మొక్క నాటి, అది కాపుకొచ్చేదాకా ఆరేడేళ్లు కాచుక్కూర్చున్న తరం వాళ్లది. ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

నా మనసు పట్టేసింది నీ ఉత్తరంలో అమ్మ గురించి ఉన్న ఆ రెండు ముక్కల దగ్గర.

పుస్తకాలు చదవొద్దని అనను. నాలుగేళ్లు ఖాళీగా ఉన్న కుర్రాడు పెళ్లికి వెళ్లినా, కాలవ గట్టు మీద నిలబడినా ‘ఏం చేస్తున్నావురా’ అనేవాళ్లే. ‘నీవల్ల అవుతుంది’ అన్న ఒక్క మాట ఎక్కడ దొరికితే అక్కడికే వెళ్తాడు. నీకది పుస్తకంలో దొరికింది. కానీ నీవల్ల అవుతుందని నమ్మి, అప్పు తెచ్చి మరీ నీ చేతిలో పెట్టిన మనిషి పక్క గదిలోనే ఉందే! నాలుగున్నరకి టీ గ్లాసు నీ చేతికి వచ్చిందంటే ఆవిడ నాలుగింటికే లేచి పొయ్యి వెలిగించిందన్నమాట.

నువ్వు చదివే ఆ పుస్తకాలని ఇంగ్లీషులో సెల్ఫ్ హెల్ప్ అంటారు. ఆ మాట 1859లో శామ్యూల్ స్మైల్స్ రాసిన పుస్తకంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. మన భాషలో స్వయం సహాయం. అమ్మ డ్వాక్రా సంఘాన్ని కూడా స్వయం సహాయక సంఘమనే అంటారు. అక్కడ పదిమంది ఆడవాళ్లు ఒకరికొకరు పూచీ, ఒకరు వాయిదా తప్పితే మిగతావాళ్ల మీద పడుతుంది, అందరిలో మాట పడాలి. ఆ మాట పడకుండా అమ్మ నెలనెలా ఎలా నెట్టుకొస్తోందో, కూరల డబ్బుల్లోంచా, చీటీ పాడిందా, పుట్టింటివాళ్లని అడిగిందా, నీకు తెలియదు, తెలిస్తే రాసేవాడివి. 26 ఏళ్ల కొడుకు అమ్మ చేసిన అప్పుని తన అప్పు అనుకోకపోతే, వాడికి ఎంత ఆత్మవిశ్వాసం ఉన్నా ఆత్మగౌరవం లేదనే నేననుకుంటాను. కటువుగా ఉంటే ఉండనీ.

రేపట్నుంచి టీ నువ్వే పెట్టుకో, ఆవిణ్ణి ఇంకో గంట పడుకోనీ. అమలాపురంలోనో రావులపాలెంలోనో ఏదైనా కొట్టులో లెక్కలు రాసే పనైనా సరే చూసుకో, వాయిదా నీ జీతంలోంచి కట్టు. బిజినెస్ సంగతి దింపు అయ్యాక నాన్నతో కూర్చుని మాట్లాడొచ్చు. ముందు ఇవాళ రాత్రి అమ్మ పని అయ్యాక పక్కన కూర్చుని, నెలకి ఎంత కడుతోందో, ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలాయో అడుగు.