సంగటి ముద్ద తూకం చెబుతాను, ముందు ఆ తెల్లవారుజాము చెమటల సంగతి చూడండి

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఆరేళ్లుగా షుగర్ ఉంది. ఉదయం, రాత్రి తినే ముందు గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన ఎస్ఆర్ మాత్ర వేసుకుంటాను. మా అబ్బాయి ఫోన్‌లో కేలరీల యాప్ పెట్టి, రోజుకు 1200 దాటొద్దన్నాడు. మధ్యాహ్నం తినే సంగటి ముద్ద 300 గ్రాములు తూగుతుంది. యాప్‌లో రాగి పిండి 300 గ్రాములని వేస్తే 960 కేలరీలు చూపిస్తోంది. పొద్దున దోసెలతో కలిపితే మధ్యాహ్నానికే అంకె ఎర్రగా మారుతోంది. అందుకని రాత్రి మజ్జిగ తాగి పడుకుంటున్నాను. ఎర్రగా వచ్చిన రోజు రాత్రి మాత్ర అర ఎక్కువ వేసుకుంటున్నాను. మూడు నెలల్లో 7 కిలోలు తగ్గాను. అప్పుడప్పుడు తెల్లవారుజామున మూడింటికి చెమటలు పట్టి మెలకువ వస్తోంది, నీరసమే అనుకుంటున్నాను. సంగటిని పిండిగా ఉన్నప్పుడు తూచాలా, ఉడికాక తూచాలా?

జవాబు: అమ్మా, మీరు అడిగిన దానికి జవాబు ఉంది, చెబుతాను. కానీ ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన ఆ చెమటల దగ్గరే నా చూపు ఆగిపోయింది కాబట్టి, ముందు దాని గురించే రాస్తున్నాను. మిమ్మల్ని నేను పరీక్షించలేదు, మీ రిపోర్టులు నా ముందు లేవు. అయినా గ్లిమిపిరైడ్ వేసుకుని, రాత్రి భోజనం మానేసి, పైగా మాత్ర పెంచుకునే మనిషికి మూడింటికి చెమటలు పడుతున్నాయంటే రక్తంలో చక్కెర పడిపోతోందని అనుమానించడం డాక్టరుగా నా బాధ్యత. అది కాదని తేలేదాకా దాన్ని నీరసం అని పిలవడానికి నేను ఒప్పుకోను.

మీ మాత్రలో రెండు మందులున్నాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ తీరు వేరు. అది క్లోమాన్ని ప్రేరేపించి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, దాని ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది, మీరు సంగటి తిన్నారా మజ్జిగ తాగి పడుకున్నారా అన్నది దానికి పట్టదు. కడుపులో తిండి లేని రాత్రి, అరమాత్ర అదనంగా పడిన రాత్రి, అది తన పని తాను చేసుకుపోతుంది. చక్కెర 70 కంటే తగ్గితే లో షుగర్ అంటాం, 54 కంటే తగ్గితే ప్రమాదస్థాయి. నిద్రలో ఇది జరిగితే వణుకు, గుండెదడ తెలియకుండానే పోవచ్చు. జాకెట్టు తడిసేంత చెమట, పీడకలలు, పొద్దున లేవగానే తలనొప్పి, ఇవే మిగులుతాయి. కిడ్నీ పనితీరు తగ్గినవారిలో లో షుగర్ వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ, అందుకే క్రియాటినిన్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారో వెతికి చూడండి.

ఇక ఆ అరమాత్ర. ఈ ఒక్క విషయంలో మీ మీద కోప్పడక తప్పదు. మా ఓపీకి వచ్చే పెద్దావిడ ఒకరు అడకత్తెరతో మాత్ర కోసి, సగం కాగితంలో మడిచి కొంగున కట్టుకుని తెచ్చి చూపించారు. కోసిన అంచు పొడిపొడిగా రాలి కాగితమంతా అంటుకుని ఉంది. ఎస్ఆర్ అంటే మందు కొద్దికొద్దిగా కరిగేలా తయారు చేసినది. దాన్ని కోస్తే ఆ ఏర్పాటు చెడిపోవచ్చు, రెండు మందులు కలిసిన మాత్ర అయితే మీకు దక్కిన సగంలో ఏది ఎంత ఉందో చెప్పలేం. అన్నిటికంటే ముఖ్యం, మోతాదు నిర్ణయించాల్సింది మీ రక్తపరీక్షలు, వాటిని చూసిన డాక్టరు. మీ వయసు, బరువు, ఎత్తు తీసుకుని 1200 అన్న ఆ యాప్‌కు మీరు గ్లిమిపిరైడ్ వాడుతున్నారని తెలియదు, మీ కిడ్నీల సంగతి అసలే తెలియదు. ఎర్ర అంకెను చూసి మాత్ర పెంచడం, పచ్చ అంకెను చూసి తగ్గించడం, రెండూ ఈరోజుతో ఆపేయండి.

ఈరోజే మీ డాక్టరుకు ఫోన్ చేయండి, వచ్చే నెల చెకప్ దాకా ఆగొద్దు. ఆయనతో మాట్లాడేలోపు అదనపు అరమాత్ర వద్దు, రాత్రి భోజనం మానవద్దు, భోజనం చేయని పూట ఆ మాత్ర వేసుకోవద్దు. అలాగని మాత్రలన్నీ మీ అంతట మీరే ఆపేయకూడదు. మంచం పక్కన షుగర్ మిషన్, ఒక గ్లాసు నీళ్లు, చక్కెర డబ్బా పెట్టుకుని పడుకోండి. చెమట పట్టి మెలకువ వస్తే వెంటనే పరీక్ష చేసి, 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించండి. అప్పటికీ పెరగకపోతే మరోసారి తాగండి. పెరిగాక ఏదైనా కాస్త తిని పడుకోండి. మిషన్ చేతికి అందకపోతే పరీక్ష కోసం వెతుక్కోకుండా చక్కెర నీళ్లు తాగేయండి. ఉప్పు మజ్జిగ దీనికి పనికిరాదు, అందులో అవసరమైనంత చక్కెర ఉండదు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

చెమటలన్నీ లో షుగర్ వల్లే అని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. మీ వయసులో నెలసరి ఆగే రోజుల్లో వచ్చే ఆవిర్లు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లు మూడు నెలల్లో 7 కిలోలు తగ్గి, రాత్రుళ్లు చెమటలు పడుతున్నాయంటే టీబీ గురించి కూడా ఆలోచించాలి. తిండి తగ్గించినందువల్లే బరువు తగ్గిందని మీరు సంతోషిస్తూ ఉండవచ్చు, చాలావరకు అది నిజం కూడా కావచ్చు. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతున్నా ఆలస్యం చేయకుండా గళ్ల (కఫం) పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం.

ఇప్పుడు సంగటి. ఈ తిప్పలు చాలావరకు ఆ తూకం దగ్గరే మొదలయ్యాయి కాబట్టి దీన్ని వివరంగానే చెబుతాను. మీరు తూచింది ఉడికిన ముద్ద, యాప్‌లో వేసింది పొడి పిండి. పిండి 100 గ్రాములకు సుమారు 320 కేలరీలు, నిజమే. కానీ ముద్దలో ఎక్కువ భాగం నీళ్లు, నీళ్లకు కేలరీలు లేవు. ఈ మధ్య మా ఇంట్లో 100 గ్రాముల బియ్యం ఉడికించి, 150 గ్రాముల రాగి పిండి వేసి గెలికితే దించేసరికి మొత్తం 850 గ్రాములు తూగింది. బియ్యానివి 350, పిండివి 480, అంతా కలిపి దాదాపు 830 కేలరీలు, అంటే ఉడికిన సంగటి 100 గ్రాములకు 100 కంటే కొంచెం తక్కువ. ఆ లెక్కన మీ 300 గ్రాముల ముద్ద 960 కాదు, సుమారు 290. సంగటి తిన్న ప్రతిరోజూ మీరు తినని 670 కేలరీలు మీ ఖాతాలో పడ్డాయి, వాటికి భయపడి మీరు రాత్రి పస్తు పడుకున్నారు.

మా ఇంటి అంకె మీ ఇంటికి అతకకపోవచ్చు. కొందరు బియ్యం ఎక్కువ వేస్తారు, కొందరు పలుచగా గెలుకుతారు. అందుకని ఒక్కసారి ఇలా చేయండి. ఖాళీ గిన్నె బరువు రాసి పెట్టుకోండి. బియ్యం, పిండి పొడిగా ఉన్నప్పుడే విడివిడిగా తూచి యాప్‌లో సొంత వంటకంగా నమోదు చేయండి. గెలికి దించాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేయండి. ఆ మిగిలిన బరువును వంటకం మొత్తం బరువుగా ఇస్తే, తర్వాత ముద్ద తూచిన ప్రతిసారీ లెక్క దానంతటదే సరిపోతుంది. నీళ్లు అదే కొలత పోసినన్నాళ్లు మళ్లీ చేయనక్కర్లేదు. అన్నానికీ ఇదే పద్ధతి. జొన్నరొట్టెకు పిండి తడపకముందు తూచి రొట్టెల సంఖ్యతో భాగిస్తే చాలు.

సంగటిని ఇంత ఎక్కువగా లెక్కేసిన మీరు శెనక్కాయల ఊరిబిండిని, అంటే వేరుశెనగ పచ్చడిని, అసలు రాయలేదు. వేరుశెనగ విత్తనాలు 30 గ్రాములంటే గుప్పెడు, అందులోనే 150 కేలరీల పైన ఉంటాయి. నూనె గ్రాముకు 9 కేలరీలు. చెంచాలతో కొలవడం కుదరకపోతే తాలింపు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నూనె సీసాను తూచండి, తగ్గిన బరువే మీరు వాడిన నూనె. నాటుకోడి పులుసులో ఎముకలు తీసి మాంసం మాత్రమే తూచండి.

షుగర్ ఉన్నవారు కేలరీల కంటే ముందు చూసుకోవాల్సిన అంకె యాప్‌లో పిండిపదార్థాలు అన్న చోట ఉంటుంది. మీ ముద్దలో అవి 60 గ్రాముల పైనే. రాగి తింటే షుగర్ పెరగదన్న నమ్మకం సరి కాదు, మెత్తని పిండితో చేసిన సంగటి కూడా చక్కెరను పెంచుతుంది. ముద్దను రెండు పూటలకు పంచుకోవాలా, పరిమాణం తగ్గించాలా అన్నది మోతాదు సరిచేశాక మీ డాక్టరుతో కలిసి నిర్ణయించుకోండి.

ఆయన దగ్గరకు వెళ్లేటప్పుడు మాత్రల షీటు, షుగర్ మిషన్, ఫోన్ మూడూ తీసుకెళ్లండి. అరమాత్ర ఎక్కువ వేసుకున్న తేదీలు, చెమటలు పట్టిన రాత్రులు ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుని వెళ్లండి. హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు చక్కెరను చెప్పేది), క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలు అవసరమా అని అడగండి. బీపీకి గానీ గుండెదడకు గానీ ఏదైనా మాత్ర వాడుతుంటే తప్పక చెప్పండి, వాటిలో కొన్ని లో షుగర్ లక్షణాలను కప్పేస్తాయి. ఈ రాత్రికి మాత్రం కడుపు నిండా తిని పడుకోండి.