రాఖీకి పంపలేదు, బంగారం మాత్రం కావాలి

ప్రశ్న: మాది దేవరకొండ. నా వయసు 36. పన్నెండేళ్ళుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. కెనాన్ 80డి, దానితో వచ్చిన 18-135 లెన్స్, ఒక 50 ఎంఎం ఉన్నాయి. రాత్రిపూట ఎదుర్కోళ్ళు, బరాత్ ఫొటోల్లో గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వస్తోందని పార్టీలు అంటున్నారు. మా బామ్మర్ది ఇంటర్ అయ్యాక మా ఇంట్లోనే ఉండి, నా దగ్గరే పని నేర్చుకున్నాడు. పోయినేడు ఫుల్ ఫ్రేమ్ (ఫొటో పట్టే సెన్సర్ పెద్దగా ఉండే) కెమెరా కొని, నాతో ఒక్క మాట అనకుండా మా వీధిలోనే స్టూడియో పెట్టాడు. మా అక్క బిడ్డ లగ్గం ఆర్డర్ కూడా అతనికే పోయింది. అంతకుముందు అక్క కొడుకు పెళ్ళి ఆల్బమ్ నేను ఎనిమిది నెలలకు ఇచ్చానని వాళ్ళకు కోపం. అప్పటి నుంచి బామ్మర్దితో మాటల్లేవు. రాఖీకి వాళ్ళంతా అచ్చంపేటలో కలిశారు. నా భార్యను నేను పంపలేదు, ఆ రోజు షాపు తెరిచే ఉంచాం. పాస్‌పోర్ట్ ఫొటోలు, ఆల్బమ్ డిజైనింగ్ అన్నీ ఆమే చూసుకుంటుంది. పెళ్ళప్పుడు వాళ్ళింటి వాళ్ళు పెట్టిన ఆరు తులాలు తాకట్టు పెట్టి కెనాన్ ఆర్6 మార్క్ 2 కొందామనుకుంటున్నాను. కొనమంటారా, ఆగమంటారా?

జవాబు: కెమెరా సంగతి ముందే తేల్చేస్తాను. ఇప్పుడు కొనకండి.

లెన్సుల గురించి నాకు తెలిసింది తక్కువ. అందుకని మహబూబ్‌నగర్‌లో లగ్గాలు తీసే ఒక తెలిసినాయనకు మీ వివరాలు చెప్పి అడిగాను (మీ ఊరు చెప్పలేదు లెండి). మీ దగ్గరున్నదీ 24 మెగాపిక్సెలే, మీరు కొనాలనుకుంటున్నదీ 24 మెగాపిక్సెలే అన్నారాయన. 12x36 అంగుళాల ఆల్బమ్‌లో ఒక పక్క పేజీ నిండా ఒకే ఫొటో వేసినా ఇరవై మెగాపిక్సెల్ సరిపోతుందట. కొత్తదానిలో సెన్సర్ రెండున్నర రెట్లు పెద్దది, చీకట్లో ఫొటో బాగా వస్తుంది, ఆ మాట నిజమే. కానీ మీ 18-135 చిన్న సెన్సర్ కోసం చేసిన లెన్స్. అడాప్టర్ పెట్టి కొత్త బాడీకి (లెన్స్ లేని కెమెరాకు) తగిలిస్తే కెమెరా తనంతట తానే క్రాప్ చేసుకుని, పది మెగాపిక్సెల్ లోపు ఫొటో ఇస్తుంది. అంటే బాడీతో అయిపోదు, దానికి తగ్గ 2.8 జూమ్, అంటే వెలుతురు ఎక్కువ లోపలికి రానిచ్చే లెన్స్, కావాలి. కంపెనీవాటిలో పై రకం తీసుకుంటే దాని ధర బాడీ ధరకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అదే మీ 80డికి సెకండ్ హ్యాండ్‌లో ఒక 17-50, 2.8 లెన్స్ చూసుకుంటే ఆ ఎదుర్కోళ్ళ గ్రెయిన్ చాలావరకు తగ్గుతుంది. పెద్ద లగ్గం ఒప్పుకున్న రోజున హైదరాబాద్ నుంచి బాడీ, లెన్స్ కిరాయికి తెచ్చుకోండి.

ఒక్క విషయంలో ఆయన మీ వైపే మాట్లాడారు. 80డిలో ఒకటే కార్డు పడుతుంది. ఆ కార్డు పోతే పెళ్ళివాళ్ళను పిలిచి మళ్ళీ జీలకర్ర బెల్లం పెట్టించలేం కదా. కాబట్టి ఎప్పటికైనా రెండు కార్డులు పట్టే బాడీకి మారాల్సిందే. అది ఈ కోపంలో, ఈ బంగారం మీద వద్దు. ఆషాఢంలో లగ్గాలుండవు, మూఢం వస్తే అసలే ఉండవు. తాకట్టు వడ్డీకి మూఢం లేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఆ ఆరు తులాలు పెట్టింది ఎవరు? మీ మామగారు, అత్తగారు. అంటే బామ్మర్ది ఇంటి బంగారం కుదువ పెట్టి, ఆ బామ్మర్దినే మించిపోయే కెమెరా తెద్దామని మీ ఆలోచన. రాసేటప్పుడు మీకు ఇది తట్టలేదా? ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు పెట్టింది ఆమెదేనని, భర్తకు అందులో వాటా లేదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కోర్టు దాకా ఎందుకు, ఇంత పొడుగు ఉత్తరంలో “నా భార్యను అడిగాను” అన్న మాట నాకు ఒక్కచోటా కనిపించలేదు.

రాఖీ నాడు మన బస్టాండ్లు ఎట్లా ఉంటాయో మీకు నేను చెప్పాలా? ఆర్టీసీవాళ్ళు స్పెషల్ బస్సులు వేసినా కాలు పెట్టే జాగా ఉండదు. మనవలు పుట్టిన ఆడవాళ్ళు కూడా ఒక చేతిలో స్వీట్ డబ్బా, ఒక చేతిలో సంచి పట్టుకుని, తమ్ముడింటి దాకా నిలబడే పోతారు. ఆ రోజు మీ ఆవిడ షాపులో కూర్చుని ఎవరి పాస్‌పోర్ట్ ఫొటోకో వెనక నీలం రంగు మారుస్తూ ఉంది. తమ్ముడి షాపు అదే వీధిలో. వాడు తాళం వేసుకుని అచ్చంపేటకు బయల్దేరడం ఆమె చూసే ఉంటుంది. రాఖీ కట్టనివ్వని ఆ చేతినే ఇప్పుడు గాజులు తీసిమ్మని అడగబోతున్నారు. ఆమె ఇచ్చేస్తుంది కూడా, అదే నా బాధ. నోరెత్తకుండా ఇచ్చింది కదా అని ఇష్టంగా ఇచ్చిందనుకుంటారు మీరు.

బామ్మర్దిది తప్పు లేదని నేను అనను. మీ ఇంట్లో తిని, మీ చేతి కింద పని నేర్చుకున్నవాడు షాపు తెరిచేముందు మీ దగ్గరికి వచ్చి “బావా, పెడుతున్నా” అని చెప్పాల్సింది. చెప్పలేదు, మీకు మండింది. పిలిచి నాలుగు మాటలు అనండి, పెద్దవారు, అనే హక్కుంది. అది మీరూ మీరూ తేల్చుకోవాల్సిన లెక్క. దానికి ఆమె రాఖీని జమ కట్టడమేంటి? అక్కాతమ్ముళ్ళ మధ్య గోడ కట్టే అధికారం ఏ బావకూ లేదు. ఈ విషయంలో నా దగ్గర సర్దుబాటు మాటలేమీ దొరకవు, ఏమనుకున్నా సరే.

పోయిన ఆర్డర్ గురించి కూడా ఒక మాట. మీ అక్క గ్రెయిన్ చూసి పక్కకు పోలేదు. ఎనిమిది నెలలు ఆల్బమ్ కోసం తిరిగి తిరిగి విసిగిపోయింది. కొడుకు పెళ్ళి ఫొటోలు చుట్టాలకు చూపించలేక ఆమె ఎన్నిసార్లు మాట పడిందో. డిజైనింగ్ అంతా ఒక్క మనిషి మీద వేశారు. ఆమెకు షాపు కౌంటరూ ఉంది, ఇంట్లో వంటా ఉంది. ఫొటోలు సెలెక్ట్ చేసి ఇవ్వడంలో ఎన్ని వారాలు నానబెట్టారో మీకే తెలియాలి. కొత్త కెమెరాతో ఫైళ్ళు పెరుగుతాయేమో గానీ ఆల్బమ్ ముందుగా రాదు.

వచ్చే రాఖీ దాకా ఆగకండి. ఈ వారంలోనే ఆమెను తీసుకుని అచ్చంపేట పోండి. “పోయిరా పో” అని అనుమతి ఇచ్చినట్టు పంపడం నాకు నచ్చదు, మీరూ కూడా వెళ్ళండి. అత్తగారింట్లో రెండు రోజులు మొహం చెల్లక కూర్చోవాల్సి వస్తే కూర్చోండి. ఊరికి వచ్చాక అతని షాపు మెట్లెక్కండి. శ్రావణంలో ఒకే ముహూర్తానికి రెండు ఆర్డర్లు వస్తే ఇద్దరూ బయటి నుంచి కెమెరామన్‌లను కిరాయికి పిలుచుకునే బదులు ఒకరికొకరు పోవచ్చు కదా. ఆ ఫుల్ ఫ్రేమ్ ఎట్లా ఉందో ఒక బరాత్ రాత్రంతా అతని దగ్గరే తీసుకుని తీసి చూడండి. లక్షలు పెట్టేముందు ఎవరైనా చేయాల్సిన పని అది. పంతానికి పోయి ఆ ఒక్క దారీ మూసేసుకున్నారు.

ఆ ఫొటోలు మీ ఆవిడ కంప్యూటర్‌లో వేసి, పాతవాటి పక్కన పెట్టి చూడమనండి. ఇన్నేళ్ళుగా మీరు తీసిన ప్రతి మొహాన్నీ పెద్దది చేసి దిద్దుతున్నది ఆమే. ఏది కెమెరా తప్పో, ఏది ఫ్లాష్ సరిగ్గా పెట్టకపోవడమో మా మహబూబ్‌నగర్ ఆయన కంటే ఆమెకే బాగా తెలుసు. లెన్స్ చాలంటే లెన్స్ కొనండి. అన్నీ చూసి, తనకు తానుగా బంగారం తీసి ఇస్తే, కెమెరా బిల్లు ఆమె పేరు మీద రాయించండి.