హాస్టల్లో ఉంటున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

మెట్టుగూడ,
సికింద్రాబాదు.

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు. నీ ఉత్తరం అందింది. గుంటూరులో ఉన్నంతకాలం ఆదివారం మొదటి గంట మోగేసరికే తయారై కూర్చునే దానివి, ఇప్పుడు అమీర్‌పేట హాస్టల్లో ముగ్గురి గదిలో ఉంటూ, ఒక ఆదివారం ఒక చర్చికి, మరో ఆదివారం ఇంకో చర్చికి వెళ్తూ, వెళ్లలేని రోజున మంచం మీదనే ఫోనులో ఆరాధన చూస్తున్నానని రాశావు. ఇంటి నుంచి ఎవరు ఫోను చేసినా పెళ్లి మాటే ఎత్తుతున్నారనీ, ఈలోగా విశ్వాసజీవితాన్ని ఎలా నడుపుకోవాలో తోచడం లేదనీ అడిగావు. పెళ్లి చేసుకోకుండా ఈ ఊళ్లోనే నర్సుగా పనిచేసి రిటైరయినదాన్ని గనుక, నాకు తెలిసినదంతా కాస్త వివరంగానే రాస్తాను.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటే. పెళ్లయ్యాక మొదలుపెడదామని నీవు పక్కన పెట్టినవన్నీ ఇప్పుడే మొదలుపెట్టు. ప్రతి రాత్రి ప్రార్థన, ఒక సంఘంలో సభ్యత్వం, కానుక లెక్క, నలుగురిని పిలిచి అన్నం పెట్టడం, జబ్బుపడిన వాళ్లను చూసి రావడం, ఇవేవీ భర్త వస్తే గాని చేయకూడని పనులు కావు. మన బంధువుల్లో పెళ్లికాని పిల్లంటే ఇంకా జీవితం మొదలుకాని మనిషిగానే లెక్క. పౌలు మాత్రం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో ఆ స్థితిని లోటుగా చూడలేదు; ప్రభువు పనుల మీద మనసు నిలపడానికి దొరికిన వీలుగా చూశాడు. బేతనియలో మార్త, మరియ, లాజరు అనే తోబుట్టువులు ఉన్న ఇంటిని తలుచుకో. వారిలో ఎవరికైనా పెళ్లయినట్టు సువార్తలు ఎక్కడా చెప్పవు, అయినా ప్రభువు వెళ్లి భోజనం చేసిన ఇల్లు అది. "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు" అన్న ఆదికాండము మాటను సంబంధం వచ్చినప్పుడల్లా నీకు వినిపిస్తున్నారన్నావు. ఆ మాట ముమ్మాటికీ నిజం. ఆ ఒంటరితనాన్ని తీర్చడానికే దేవుడు పెళ్లితో పాటు సంఘాన్ని కూడా ఇచ్చాడని వారికి మర్యాదగా చెప్పు.

నేను నర్సు చదువు చదివిన గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి ఎవరి పేరున ఉందో నీకు తెలుసు. 1883లో అమెరికా నుంచి వచ్చిన లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ పెళ్లి చేసుకోలేదు. 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో గుంటూరులోనే కన్నుమూసేదాకా మన ఆడవాళ్లకు పురుళ్లు పోస్తూ, పసిబిడ్డలను బతికిస్తూ ఉండిపోయింది. ఆమె చేసినంత పని నీవు చేయాలని నేను అనడం లేదు. పెళ్లి కాకపోయినా ఒక ఊరికి ఊరే ఆమెను తన మనిషిగా చెప్పుకుంటుందని మాత్రం గుర్తుంచుకో.

ఇక చర్చి సంగతి. ఈ జంటనగరాల్లో చర్చిలకు కొదవలేదు. 1813 నాటి సెయింట్ జాన్స్ ఉంది, ఆరాధన తర్వాత ప్రేమవిందులో అందరూ కలిసి కూర్చుని భోజనం చేసే హెబ్రోను ఉంది, వేలమంది పట్టే మందిరాలున్నాయి, కిరాణా కొట్టు పక్క షట్టరులో పదిమందితో నడిచే ప్రార్థన కూటాలూ ఉన్నాయి. ఎంచుకోవడానికి ఇన్ని ఉండడమే నీబోటి వాళ్లకు ఇబ్బందిగా మారుతోంది. ఇక్కడ పాటలు బాగుంటాయని ఒక వారం, అక్కడ వాక్యం బాగుంటుందని మరో వారం వెళ్తే, నీవు రాని ఆదివారం "ఆ అమ్మాయి ఏదమ్మా?" అని అడిగే మనిషి ఎక్కడా తయారుకారు. అలా అడిగే మనుషులున్న చోటే నీ సంఘం. ఫోనులో ఎంత గొప్ప ప్రసంగం విన్నా, నీకు జ్వరమొస్తే ఆ ప్రసంగీకుడికి తెలియదు. "సమాజముగా కూడుట మానక" అని హెబ్రీ పత్రికలో రాసింది ఒకరినొకరు పురికొల్పుకోవడం కోసం; ఆ పని జరగాలంటే నీ ముఖం వాళ్లకూ, వాళ్ల ముఖాలు నీకూ తెలియాలి.

అందువల్ల ఒక చర్చిని ఎంచుకో. లూథరన్ అయినా, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) అయినా, బాప్టిస్టు అయినా నాకు పట్టింపు లేదు గాని, మూడు సంగతులు చూడు. వాక్యాన్ని వాక్యంగా చెప్పాలి. డబ్బు లెక్క సంఘం ముందు పెట్టాలి. పాస్టరు గారిని ప్రశ్న అడగడానికి జనం భయపడకూడదు. నెలల తరబడి రుచి చూస్తూ ఉండవద్దు, నాలుగైదు వారాల్లో తేల్చుకో. తేల్చుకున్నాక మన ఊరి అయ్యగారి దగ్గర నుంచి సభ్యత్వ బదిలీ పత్రం, బాప్తిస్మపు సర్టిఫికెట్టు నకలు తెప్పించుకుని ఇక్కడ ఇవ్వు. ఇది ఉత్త కాగితాల పని అనుకోకు. రేపు నీ పెళ్లి కుదిరితే మూడు ఆదివారాలు ప్రకటనలు చదవాలన్నా, నీవు ఆసుపత్రిలో పడితే సంఘం తరఫున ఎవరైనా రావాలన్నా, రిజిస్టరులో నీ పేరుండడం అవసరం. ఆరాధన అయిన వెంటనే క్యాబ్ బుక్ చేసుకుని వెళ్లిపోకు. ఆ అరగంట ఆవరణలో నిలబడి, స్త్రీల సమాజంలోని పెద్దవాళ్లతో మాట్లాడు. ముప్పై ఏళ్లుగా అదే బెంచీలో కూర్చుంటున్న ముసలమ్మ ఒకరు ప్రతి చర్చిలోనూ ఉంటారు. ఆమె పక్కన కూర్చో, కీర్తనల పుస్తకంలో సంఖ్య వెతికి ఇవ్వు, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని దించు. ఈ ఊళ్లో నిన్ను పేరుతో పిలిచి ప్రార్థన చేసే మొదటి మనిషి బహుశా ఆమే అవుతుంది. తోటి వయసు వాళ్ల యూత్ మీటింగుకు కూడా వెళ్లు, కాని అదొక్కటే సరిపోదు. ఏడాది తిరిగేసరికి అక్కడున్న వాళ్లలో సగం మంది ఉద్యోగాలు మారి బెంగుళూరో పుణెయో వెళ్లిపోతారు.

ఆదివారం కంటే కష్టమైనది సాయంత్రం. ఆఫీసు నుంచి వచ్చి, హాస్టలు భోజనం చేసి, మంచమెక్కి ఫోను పట్టుకుంటే పన్నెండు వరకు సమయం ఎలా పోయిందో తెలియదు. దిగులు, అసూయ, మనసును పాడుచేసే దృశ్యాలు మనిషిని పట్టుకునేది కూడా ఆ గంటల్లోనే. మన ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక చాప పరిచి కుటుంబ ప్రార్థన చేసుకునేవాళ్లం, నీకూ తెలుసు. నీవు ఒక్కదానివే ఉన్నా ఆ ప్రార్థన మానవద్దు. వేళ ఒకటి పెట్టుకో, తొమ్మిదిన్నర అనుకుందాం. అప్పటికి ఫోను చార్జింగుకు పెట్టి, గదికి అవతలి వైపున వదిలెయ్యి. వాక్యం ఫోనులో చదవకు, పుస్తకం తీసుకుని చదువు. గదిలో వాళ్లకు ఇబ్బంది అనుకుంటే డాబా మీదికో, మెట్ల మలుపు దగ్గరకో వెళ్లి, పెదవులు కదిలేలా చిన్నగా పైకి చదువు. కళ్లతో చదివినప్పుడు దాటిపోయే మాటలు నోటితో చదివినప్పుడు ఆగుతాయి. ఒక కీర్తన, సువార్తలో ఒక అధ్యాయం చాలు. మార్కు సువార్త 16 అధ్యాయాలే గనుక రెండు వారాల పైచిలుకులో అయిపోతుంది. కీర్తనలు 150, రోజుకొకటి చొప్పున అయిదు నెలలు పడతాయి. మధ్యలో తప్పిన రోజుల బాకీ తీర్చాలని ఒకేసారి పది చదవవద్దు, ఆగిన చోట నుంచే సాగించు. ఒక చిన్న నోటు పుస్తకంలో నీవు ప్రార్థించవలసిన వారి పేర్లు రాసుకో. అందులో మీ మేనేజరు పేరు, గదిలోని ఇద్దరు అమ్మాయిల పేర్లు కూడా ఉండాలి.

ఆ అమ్మాయిలు బోనాలకో, వినాయక చవితికో ప్రసాదం తెచ్చి ఇస్తే ఏం చేయాలని అడిగావు. నేను తీసుకోనని నవ్వుతూ ఒక్కమాటలో చెప్పు. అంతకుమించి ఉపన్యాసం అక్కరలేదు, వాళ్ల దేవుళ్లను గురించి తేలికమాట ఒక్కటి కూడా నీ నోట రాకూడదు. వాళ్లకు ఒంట్లో బాగాలేనప్పుడు గంజి కాచి ఇవ్వు, క్రిస్మస్‌కు పిలిచి కేకు, బిర్యానీ పెట్టు. నీ విశ్వాసం ఎలాంటిదో వాళ్లకు తెలిసేది అక్కడే.

నెలకు ఒక్కసారైనా జబ్బుపడిన వాళ్లను చూడడానికి వెళ్లు. ఇది నేను నర్సుగా మరీ మరీ చెప్పే మాట. గాంధీ ఆసుపత్రి వార్డుల్లో జిల్లాల నుంచి వచ్చిన వాళ్లు, తోడుగా ఉండేందుకు మనిషి లేనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. మీ సంఘంలోనే మంచాన పడిన పెద్దవాళ్లు ఉంటారు. సంఘం వాళ్లతో కలిసి వెళ్లు, సందర్శన వేళల్లో మాత్రమే వెళ్లు. వెళ్లగానే ప్రార్థన మొదలుపెట్టకు. ముందు స్టూలు లాక్కుని కూర్చుని, ఈ పూట ఏమైనా తిన్నారా అని అడుగు. ఫ్లాస్కు ఖాళీగా ఉంటే కడిగి వేడినీళ్లు పట్టి ఇవ్వు. ఏ డాక్టరు ఏం చెప్పాడో రోగిని విచారించి, నీకు తోచిన వైద్యం చెప్పకు. మీ కోసం ప్రార్థన చేయమంటారా అని అడిగి, సరేనంటేనే, పక్క మంచం వాళ్లకు ఇబ్బంది కలగని గొంతుతో క్లుప్తంగా చెయ్యి. "మీకు విశ్వాసం తక్కువైంది కాబట్టే జబ్బు తగ్గడం లేదు" అన్న మాట కొందరు విశ్వాసులు రోగి మొహం మీదే అనగా విన్నాను. అంతటి క్రూరమైన మాట మరొకటి లేదు. అది ఎవరన్నా నీవు మాత్రం అనకు.

డబ్బు గురించి ఎక్కువ రాయను. జీతం పడ్డ రోజునే కానుక తీసి విడిగా పెట్టు, ఆ తర్వాత ఇంటికి పంపవలసింది పంపు, మిగిలినదానిలో హాస్టలు ఖర్చు, పొదుపు చూసుకో. టీవీలోనో ఫోనులోనో విత్తన కానుక వేస్తే వందరెట్లు వస్తుందనీ, ఫలానా నెలలో నీ పెళ్లి అవుతుందని ప్రవచనం వచ్చిందనీ చెప్పేవారికి ఒక్క రూపాయి పంపవద్దు. పెళ్లికాని ఆడపిల్లల కన్నీళ్లే కొందరికి ఆదాయమార్గం అయిపోయాయి, అది చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

పెళ్లి విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పెళ్లి కావాలని కోరుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, దాని కోసం ప్రార్థించు, సంబంధాలు చూడనివ్వు. "అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి" అన్న వాక్యాన్ని మనం అందరం ఒప్పుకుంటాం. అయితే చర్చికి వస్తున్నాడన్న ఒక్క కారణంతో అబ్బాయిని విశ్వాసి అనుకోవద్దు. అతని సంఘ కాపరితో, అతను పనిచేసే చోట మనుషులతో మాట్లాడించు. కట్నం అడిగితే అక్కడితో ఆపెయ్యి. 1961 నాటి చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరమే, క్రైస్తవుల ఇళ్లు దానికి మినహాయింపు కాదు. ఇంకొకటి చెప్పక తప్పదు. క్రైస్తవ సంబంధమే కావాలంటూనే, రెండో మాటగా మీరు ఏ కులం నుంచి వచ్చారని అడిగేవారు మనలో చాలామంది. క్రీస్తునందు యూదుడనీ గ్రీసుదేశస్థుడనీ లేదని చదివిన నోటితోనే ఆ ప్రశ్న వేస్తారు. ఆ కారణంగా ఒక మంచి సంబంధాన్ని మన ఇంట్లో ఎవరైనా తోసిపుచ్చితే నాకు ఫోను చెయ్యి, మీ నాన్నతో నేను మాట్లాడతాను. చర్చిలో ఎవరైనా అబ్బాయి నచ్చి, అతనికీ నీవు నచ్చితే, రహస్యంగా కలుసుకోవడం కాక నమ్మకమైన పెద్దవారికి ఒకరికి ముందే చెప్పు. అది నీకూ రక్ష, అతనికీ మర్యాద. బంధువులు ఫోనులో పదేపదే అడిగితే, కోపం తెచ్చుకోకుండా "ప్రార్థన చేయండి, కుదిరితే మొదట మీకే చెబుతాను" అని చెప్పి మాట మార్చు.

చివరగా నీ షిఫ్టుల సంగతి. ఆదివారం డ్యూటీ పడిన వారం సాయంత్రపు ఆరాధన ఉన్న చర్చికి వెళ్లు, లేదా బుధవారమో శుక్రవారమో జరిగే ప్రార్థన కూటానికి వెళ్లు. వారమంతా ఎక్కడికీ వెళ్లకుండా గడపవద్దు. గుడ్ ఫ్రైడే, క్రిస్మస్, డిసెంబరు 31 రాత్రి ఆరాధన, ఈ మూడింటికీ సెలవు ముందుగానే అడుగు, బదులుగా దీపావళికీ సంక్రాంతికీ డ్యూటీ నీవు చేస్తానని చెబితే టీములో ఎవరూ కాదనరు. వచ్చే ఆదివారం అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే మారే పని లేకుండా మెట్టుగూడలో దిగవచ్చు. మా చర్చిలో తెలుగు ఆరాధన తొమ్మిదింటికి. గదిలోని అమ్మాయిలకు వీలైతే వాళ్లను మధ్యాహ్నం భోజనానికి రమ్మను. ఎంతమంది వస్తారో శనివారం రాత్రికల్లా చెప్పు, మాంసం ఆ లెక్కన తెప్పిస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ